ఊగింది పన్ను కాదు, నా సాక్ష్యం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, చాలామంది సాక్ష్యాల్లో చీకటి లోయ ఉంటుంది, నాది అంత పెద్దది కాదు, పైవరుసలో ముందు పన్నంత. యాలాల్‌లో ప్రార్థన కూటానికి స్పీకరు కట్టబోయి కుర్చీ మీద నుంచి గడప మీద పడ్డాను, సాతాను తోశాడని కొందరన్నారు గాని, ఆ కుర్చీకి ఒక కాలు ముందే పగిలి ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. పన్ను వేరుతో సహా ఊడి వాకిట్లో పడింది. మా పెద్దమ్మ దాన్ని తీసి, పడ్డ పన్ను ఇంటి మీద వేయాలంటూ చెయ్యెత్తింది. మన సంఘంలో నర్సు మరియక్క ఆ చెయ్యి పట్టుకుంది.

“అది పాలపన్ను కాదు పెద్దమ్మా, పాలల్ల ఎయ్యాల్సిన పన్ను.”

వేరు ఎండిపోకుండా కూటం చాయ్‌కి తెచ్చిన పాలలో దాన్ని వేసుకుని తాండూరు పరుగెత్తితే, గంట దాటకముందే డాక్టరుగారు పన్నును తిరిగి దాని చోట నిలబెట్టి, పక్క పళ్ళకు తీగతో అంటించారు. ఆ రోజు కూటంలో చాయ్ లేదు, అయినా ఎవరూ సణగలేదు, నా లెక్కలో అదే మొదటి అద్భుతం!

పది రోజుల్లో వికారాబాద్ వెళ్ళి వేరు లోపలి నరం శుభ్రం చేయించుకో, రెండు వారాలకు తీగ తీయించుకో అని ఆయన చెప్పారు. నేనేమో ఆదివారమే లేచి, నొప్పే లేదు, దేవుడు పూర్తిగా బాగుచేశాడు, ఇక డాక్టరుతో పని లేదని సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు. నొప్పి లేనిది నరం చచ్చినందుకని నాకప్పుడు తెలియదు.

నెలన్నరకు పంటి పైన చిగుళ్ళలో చీము పొక్కు లేచింది, పన్ను నల్లబడింది, తీగ ఉన్నా ఊగసాగింది. డాక్టరు దగ్గరికి వెళ్తే చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుందని సిగ్గు. దేవుని పరువు కాపాడుతున్నాననుకున్నాను, కాపాడింది నా పరువునే. పాటలప్పుడు మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే, ఆత్మలో కదిలి ఏడుస్తున్నానని మీరనుకున్నారు, నేనూ కాదనలేదు.

మా అమ్మ మాత్రం మోసపోలేదు. ఒక పొద్దున నేను రొట్టె కొరకలేక చాయ్‌లో నానబెట్టడం చూసి, నా ఎదుటే మోకరించింది.

“ప్రభువా, వీని పన్ను నువ్వు చూసుకుంటవు, గా ఫికర్ నాకు లేదు. ముందుగాల వీని నోట్లకెల్లి నిజం రానియ్యి తండ్రీ. నొస్తుందని ఒక్క మాట చెప్తే చాలు. ఆమేన్.”

ఆమేన్ అయ్యాక కళ్ళు తెరిచి నా వైపే చూస్తూ కూర్చుంది.

“నొస్తుందమ్మా” అన్నాను.

సహోదరులారా, నా విడుదల అక్కడ జరిగింది. ఆ రోజే రైలెక్కి వికారాబాద్ వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ రెండు వారాల తీగను రెండో నెలలో తీసి, తీయడం కంటే ఎక్కువసేపు తిట్టి, చీము కడిగి వేరులో మందు పెట్టారు. నాలుగు సార్లు తిరిగాక పొక్కు మానింది, పన్ను గట్టిపడింది. వేరు అంచు కొంచెం కరిగిందట, ఇప్పటికి ఆగిందట, పన్ను ఇంకా ఎన్నేళ్ళుంటుందో చెప్పలేనన్నారు. ఈసారి నేనూ చెప్పను.

పాలిచ్చినవారికి, చెయ్యి ఆపిన అక్కకు, తిట్టిన డాక్టరమ్మకు, అందరినీ సమయానికి నిలబెట్టిన దేవునికి నా వందనాలు. మీలో ఎవరికైనా పైకి చెప్పిన సాక్ష్యం ఒకటి, లోపల దాచిన పొక్కు ఒకటి ఉంటే, ఆయనను నమ్మి నొస్తుందని చెప్పండి, ఆయన చిన్నబుచ్చుకోడు, నన్ను చిన్నబుచ్చలేదు. వచ్చే నెల ఎక్స్‌రే ఉంది, వెళ్తాను. ఇవాళ పాటకు చేతిరుమాలు మాత్రం తేలేదు. దేవునికే మహిమ!