పది సంచుల కందిపప్పు

నేను నాలుగో తరగతి వరకే చదివాను. పత్రికకు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల గోదాములో పని చేస్తాను. నేల మీద ఒలికిన పప్పును ఊడ్చి, చెరిగి, మళ్లీ సంచిలో పోయడం మా అలవాటు. పోయిన ఏడాది ఒక పొద్దున అలాగే పోసి సంచి కుట్టేశాను. దానితో కలిపి పది సంచులు ఒక హాస్టలుకు వెళ్లిపోయాయి. అప్పుడు నేను ఊడ్చిన మూల చూపిస్తూ హమాలీ యాదన్న అన్నాడు.

"అక్కా, గా మూలకు నిన్న ఎలుకల మందు వెట్టినం గదా."

చెబితే పని పోతుంది, చెప్పకపోతే పిల్లలు తింటారు. ఏడుస్తూనే మా గోదాము సేటుకు చెప్పాను.

సేటు వెంటనే హాస్టలు వంటాయనకు ఫోన్ చేశాడు. "భాయ్, మా పప్పు పొయ్యి మీద వెట్టకు. దాంట్ల ఎలుకల మందు కలిసింది, తప్పు మాదే. నేనే వస్తున్న."

ఏ సంచిలో కలిసిందో తెలియదు కాబట్టి పదీ వెనక్కి తెచ్చాడు. పశువులు కూడా తినకుండా గుంతలో పూడ్పించాడు.

"నన్ను తీసేస్తరా సేటూ?" అని అడిగాను.

"మందు వెట్టినమని నీకు నేను జెప్పాలె, చెప్పలే. నువ్వు గిది దాచిపెడితే రేపు ఏం మొఖంతోని దుకాణం తెరుస్తుంటి?"

వ్యాపారం గురించి నాకేం తెలియదు. ఫోన్‌లో ఏ సాకూ చెప్పని ఆ మనిషి దగ్గర పని చేస్తున్నానని మాత్రం అందరికీ చెప్పుకుంటాను.