తడి జుట్టు సాక్ష్యం

మా తొలిరాత్రికి ముహూర్తం పెట్టింది అత్తగారి వైపు పంతులు. నా ఒంటికి పంచాంగం చదవడం రాదు. ఆ సంగతి ముందుగా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ తెలియదు.

అలాగని మేమిద్దరం కొత్తవాళ్లమేం కాదు. యూనివర్సిటీలో ఒకే డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ. ఏళ్ల తరబడి లైబ్రరీ మెట్ల మీద ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకున్నవాళ్లం. మావాళ్లు జనగామ పక్క వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఆమె వాళ్లది అనంతపురం నుంచి ఉద్యోగం మీద వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. రెండు వైపులా ఒప్పించడానికే మా తెలివంతా ఖర్చయిపోయింది.

పెళ్లయ్యాక ఆనవాయితీ ప్రకారం మూడు నిద్రలు వాళ్లింట్లో. హాల్లో వరసగా బంధువులు. ఈ విషయంలో నా చదువంతా హాస్టల్లో, ఫోన్ వీడియోల మీద సాగింది. ఆ వీడియోల్లో ఎవరికీ భయం వేయదు, ఎవరి పెదనాన్నా తలుపు అవతల దగ్గడు. నాకు భయమూ ఉంది, పెదనాన్న దగ్గూ ఉంది. ఒళ్లు మాట వినలేదు. మూడు నిద్రలూ అంతే.

మొదటి తెల్లవారి నేను ఎప్పటిలాగే ఒక జోకు వేశాను, సర్వర్ డౌన్ అని. ఆమె నవ్వింది. లేచి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది.

కొత్త పెళ్లికూతురు పొద్దున్నే తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటింట్లో కనిపిస్తే ఆ ఇంట్లో ఇక ఎవరూ ఏమీ అడగరు. వాళ్లమ్మ ఆ తువ్వాలు చూసి నా కాఫీలో చక్కెర ఎక్కువ వేసింది. పిన్నమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు. నా పరువు ఆమె నెత్తి మీద ఆరుతూ ఉంది.

తరువాత తార్నాకలోనే, వాళ్లింటికి రెండు గల్లీల అవతల, ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. వాళ్లమ్మ పొద్దున్నే కూర డబ్బాతో వచ్చేది. ఇచ్చేది కూర, చూసేది జుట్టు. అందుకని ఈమె చలికాలంలో కూడా పొద్దున్నే తల తడుపుకునేది. నిజం చెప్పేద్దామన్నాను.

"మా అమ్మకు చెప్తే అనంతపురానికంతా చెప్పినట్టే అబ్బా. నీకు బాగైనాంక చూద్దాంలే," అంది తుమ్ముతూ.

బాగుచేసుకునే ప్రయత్నాలు నేనూ చేశాను. అంబర్‌పేట్‌లో బోర్డు పెట్టుకున్న ఒకాయన నాడి పట్టుకుని, చిన్నప్పటి నా చేతి అలవాటే దీనికంతటికీ కారణమని తేల్చి ఒక పొడి ఇచ్చాడు. ఆ పొడికి పనిచేసింది కడుపొక్కటే. చివరికి ఆమే నన్ను అసలు డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లి పక్కన కూర్చుంది. ఆయన షుగర్, బీపీ చూశాడు. పొద్దున నిద్ర లేచేసరికి అంగం గట్టిపడుతోందా అని, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. పడుతోందన్నాను. అయితే ఒంట్లో లోపమేమీ కనబడటం లేదు, ఉన్నది భయం, ఆ అలవాటుకూ దీనికీ సంబంధం లేదన్నాడు. కొన్నాళ్లు అసలు పని ఊసెత్తకుండా పక్కపక్కన పడుకోమన్నాడు. ఎక్కడ ముట్టుకుంటే బాగుందో, ఎక్కడ బాగాలేదో నోటితో చెప్పుకోమన్నాడు.

అన్నేళ్లు కబుర్లు చెప్పుకున్న మేము ఈ ఒక్కటీ చెప్పుకోలేదు. మొదట్లో సిగ్గుతో నవ్వొచ్చేది. తరువాత ఉత్త నవ్వే వచ్చేది. మెడ వెనక ఊదితే ఆమెకు ఇష్టం, పాదాలు ముడితే తంతుంది. సుఖమంటే నేను హాల్‌టికెట్ పట్టుకుని రాయాల్సిన పరీక్ష కాదని అప్పుడప్పుడే తెలుస్తోంది.

ఈలోపు వాళ్లమ్మ తన లెక్క తాను వేసుకుంది. జుట్టు తడుస్తోంది, నెలలు గడుస్తున్నాయి, విశేషం లేదు. అంటే లోపం కూతురిలోనే. మల్కాజ్‌గిరిలో తనకు తెలిసిన ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. కాపురం ఎలా ఉందని డాక్టరమ్మ అడిగితే, బ్రహ్మాండంగా ఉందని వాళ్లమ్మే జవాబు చెప్పిందట. నన్ను రమ్మనలేదు, నాకు ఏ పరీక్షా రాయలేదు. ఈమెకు మాత్రం మాత్రలు, ఇంజెక్షన్లు. నిజం బయటపడకూడదని ఈమె అన్నిటికీ తలూపింది. మొహం ఉబ్బింది. అన్నం వాసన పడలేదు. టీవీలో సబ్బు ప్రకటన చూసి ఏడ్చేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏ ముహూర్తమూ లేకుండా, కరెంటు పోయి, గల్లీలో నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతుండగా, ఆమే దగ్గరికి జరిగింది. ఆరోజు నా ఒళ్లు నా మాట విన్నది. ట్యాంకర్ వాడిని పిలిచి దూద్‌పేడా పెట్టాలనిపించింది. పక్కకు తిరిగి, నీకు బాగుందా అని అడిగాను.

"నాకేం తెలీడం లేదబ్బా," అంది, ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూస్తూ. "ఒళ్లంతా మొద్దుబారినట్టుంది. నువ్వైతే బాగుండావు కదా, చాల్లే."

మర్నాడు పొద్దున్నే క్యాంపస్‌కు వెళ్లాను. తార్నాక పెద్దమనుషులంతా వాకింగ్‌కు వచ్చే రోడ్డు. మామగారిని పట్టుకున్నాను.

"మామా, ఆమెల ఏ లోపం లేదు. ఇన్నొద్దులు ఇబ్బంది నాకుండె. డాక్టర్‌కు చూపించుకున్న, ఇప్పుడు మంచిగైంది. ఆ ఇంజెక్షన్లు ఆపమని అత్తమ్మకు చెప్పు."

ఆయన చుట్టూ చూశాడు. మంచి మనిషి. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"వద్దు నాయనా. నేను పెద్దోన్ని. ఇట్లాటి మాట నా చెవిన ఎయ్యగూడదు నువ్వు."

అరవై దాటిన మనిషి అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన ఒక్క ముక్క కూడా అన్నట్టు లేదు. మర్నాడు అత్తగారు కూర డబ్బాతో పాటు తరువాతి ఇంజెక్షన్ తేదీ తెచ్చింది.

మా ఆవిడ ఆ ఇంజెక్షన్‌కు వెళ్లలేదు. పుణెలో ఒక కాలేజీ ఉద్యోగానికి ఎప్పుడు అప్లై చేసిందో నాకు తెలియదు, వచ్చిందని మాత్రం చెప్పింది. బట్టలు సర్దుతుంటే, ఇప్పుడంతా మంచిగైంది కదా అన్నాను.

"నీకైంది," అంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "నీ మీద కోపం లేదబ్బా. నీ కోసం కొన్నాళ్లు, మా అమ్మ కోసం కొన్నాళ్లు ఈ ఒళ్లు తెచ్చి పెట్టినా. ఇంక నా ఒళ్లు నాకు కావాల."

దీనికి జోకు ఉంటుందేమోనని చాలాసేపు వెతికాను.

సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆటో నేనే పిలిచాను, బ్యాగు నేనే ఎక్కించాను. తోడు రమ్మంటావా అని అడిగితే, వద్దంది. నేను పక్కకు జరగకుండా అక్కడే నిలబడితే, నేనూ ఎక్కుతాననుకుని డ్రైవర్ ఆగాడు. ఆమె అతనికి పోనివ్వమని చెప్పింది.