గంప కింద కుక్కపిల్లలు

నా చిన్నప్పుడు మా రేపల్లెలో ఎవరైనా జాతి కుక్కపిల్లను కొనాలనుకుంటే ముందు మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆమె పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. డాక్టరుగారు క్యాంపుకు వెళ్ళిన రోజుల్లో కట్లు కట్టడం, మందులు పట్టించడం అన్నీ ఆమే చూసుకునేది. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. బడి లేని రోజున ఆమె ఎక్కడికి బయలుదేరినా కొంగు పట్టుకుని నేనూ తయారయ్యేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అంతకుముందు మా వైపు కుక్క అంటే వీధి కుక్కే. అన్నం పెట్టిన ఇంటి ముందు పడుకునేది, రాత్రిళ్ళు ఆ వీధంతా కాసేది. రొయ్యల చెరువులొచ్చి కొత్త డాబాలు లేచాక, ఇంటికో పమేరియనో లాబ్రడారో ఉండాలన్న సరదా కూడా వచ్చింది. సరదా వెనకే మోసమూ వచ్చింది. తెల్లగా, బొచ్చుగా ఉంటే పమేరియన్ అనేవాళ్ళు. లేత గోధుమరంగులో ఉంటే లాబ్రడార్ అనేవాళ్ళు. నెలన్నర వయసులో ఏ కుక్కపిల్లయినా బొద్దుగానే ఉంటుంది కాబట్టి కొనేవాళ్ళు నమ్మేవాళ్ళు.

మా అత్త మాత్రం మొహం చూసి ఏమీ చెప్పేది కాదు. కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకుని, వెంట్రుకలు వేళ్ళతో పాయ తీసి, అడుగున దూదిలాంటి మరో వరస ఉందా లేదా అని చూసేది. పాదాలు నొక్కి చూసేది. చివరికి తోక మొదలు దగ్గర పట్టుకుని కొస దాకా చెయ్యి జార్చేది. లాబ్రడారుకు తోక మొదట్లో మందంగా ఉండి, కొసకు సన్నబడుతూ తిన్నగా ఉంటుందట. మన వీధి కుక్క రక్తం కలిస్తే తోక సన్నగా ఉంటుంది, సంతోషం వస్తే వీపు మీదికి వంకీ తిరుగుతుంది. ఇవన్నీ బస్సుల్లో తిరిగేటప్పుడు నాకు చెప్పేది. చెప్పి, ఒక మాట మాత్రం ప్రతిసారీ కలిపేది.

"తల్లిని చూపించమనాలి, తోడబుట్టినవాటినీ చూపించమనాలి. ఒక్కదాన్ని చూపించి మిగతావి దాచారంటే, అక్కడే లేచి వచ్చెయ్యాలే అమ్మలూ."

ఒకసారి తెనాలిలో బట్టల కొట్టు ఆయన మురిపెంగా ఎత్తుకున్న కుక్కపిల్లను చూసి, "ఇది సగమేనండి. మంచిదే, పెంచుకోండి. కానీ పమేరియన్ అనుకుని మాత్రం తీసుకోకండి" అని మొహం మీదే చెప్పేసింది. అమ్మేవాడు ఎన్ని శాపనార్థాలు పెట్టినా తొణకలేదు. ఆ రోజు బస్సులో ఆమె పక్కన కూర్చుంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

బాపట్లలో ఒక టీచరుగారు ఉండేవారు. మా అత్తకు హైస్కూల్లో చదువు చెప్పిన ఆవిడ. అప్పటికి రిటైరయ్యారు. కూతురు పొద్దున్నే పొన్నూరుకు ఉద్యోగానికి వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేది. అంతదాకా మనవణ్ణి ఈవిడే చూసుకునేవారు. వాడికి ఐదేళ్ళు దాటినా మాటలు సరిగ్గా రాలేదు. ఎవరి దగ్గరికీ చేరేవాడు కాదు. ఇంట్లో ఒక సాధువైన కుక్కను పెంచితే వాడికి తోడుగా ఉంటుందనీ, లాబ్రడారయితే పిల్లల దగ్గర నెమ్మదిగా ఉంటుందనీ గుంటూరు డాక్టరు ఎవరో చెప్పారట. టీచరుగారు మా అత్తకు ఫోన్ చేశారు.

సరిగ్గా అప్పుడే నిజాంపట్నం వైపు మాకు తెలిసిన పడవాయన ఇంట్లో కుక్క ఈనింది. ఆయన గురించి చెప్పాలి. మా తమ్ముడు పుట్టిన నాడు తుఫాను. మేము అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. రోడ్డు మీద నడుముల్లోతు నీళ్ళు. నొప్పులు పడుతున్న మా అమ్మను ఆ వానలో, ఆ గాలిలో తన పడవలో పడుకోబెట్టి రోడ్డు తేలిన చోటికి చేర్చింది ఆయనే. తమ్ముడు మాకు దక్కాడంటే ఆయన చలవేనని మా ఇంట్లో ఎప్పుడూ అనుకునేవాళ్ళం. అలాంటి మనిషికి ఆ ఏడాది రోజులు బాగాలేవు. పడవ బద్దలైంది, వేరేవాళ్ళ పడవల మీదికి కూలికి వెళుతున్నాడు. రొయ్యల చెరువు యజమాని ఒకాయన ఊరు విడిచిపోతూ ఇచ్చిన లాబ్రడార్ ఆడకుక్క వాళ్ళింట్లో ఉండేది. పిల్లలు పుట్టాయని, ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పమని మా అత్తకు కబురు పంపాడు.

ఒక ఆదివారం టీచరుగారినీ, మనవణ్ణీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాం. తల్లి కుక్క గుమ్మంలోనే పడుకుని ఉంది. అది అసలైన లాబ్రడారేనని నాకే తెలిసిపోయింది. పడవాయన భార్య లోపల్నుంచి ఒకే ఒక్క కుక్కపిల్లను తెచ్చి మా ముందు వదిలింది. లేత గోధుమరంగు, నల్లటి ముక్కు, చూడగానే ముద్దొచ్చేలా ఉంది. మిగతావి అమ్ముడుపోయాయంది.

మా అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వెంట్రుకలు పాయ తీసింది. పాదాలు చూసింది. తోక మీద చెయ్యి జారుస్తూ, మధ్యలో ఆగింది. నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. కింద వదలగానే కుక్కపిల్ల టీచరుగారి మనవడి కాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. దాని సన్నటి తోక వీపు మీదికి వంకీ తిరిగింది.

అదే సమయంలో ఇంటి పక్క నుంచి సన్నగా కుయ్యిమని వినిపించింది. అక్కడ చేపల గంప ఒకటి బోర్లించి ఉంది, పైన రాయి పెట్టి ఉంది. గంప అంచు కింది నుంచి ఒక చిన్న కాలు బయటికి వచ్చి మట్టిని గీరుతోంది. నలుపూ తెలుపూ మచ్చల కాలు. నేను చూసినట్టే మా అత్తా చూసింది. పడవాయన కూడా, ఆమె చూడడం చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకుంటూ తల దించుకున్నాడు.

టీచరుగారి ధ్యాసంతా మనవడి మీదే ఉంది. ఎవరినీ తాకనివ్వని పిల్లాడు ఆ కుక్కపిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మా అత్త వైపు తిరిగారు.

"ఏమ్మా, లాబ్రడారేనా? నాకేం తెలీదు. పిల్లాడి పక్కన ఉండాల్సింది కదా, నువ్వు సరేనంటే సరే."

"అత్తా, అక్కడ..." అని నేను మొదలుపెట్టాను. అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది. నొప్పి పుట్టింది.

"లాబ్రడారేనండి టీచరుగారూ," అంది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నగరం అనే ఊరు దాటాక అత్త తనంతట తానే అంది, "తల్లి లాబ్రడారేగా. అబద్ధమేం కాదుగా." ఆ మాట ఆమె నన్ను కాదు, తనను తానే అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక చిత్రమైన కాలం నడిచింది. పడవాయన సంతోషంతో మంచి చేపలు పంపాడు. అమ్మ పులుసు పెట్టింది. అత్త, కడుపులో బాగాలేదని మజ్జిగన్నం తిని లేచింది. మళ్ళీ పంపితే పక్కింటికి ఇచ్చెయ్యమంది. ఎవరైనా కుక్కపిల్లను చూడ్డానికి రమ్మంటే ఏదో ఒక వంక చెప్పేది. బాపట్ల నుంచి ఫోన్ వస్తే ఆమె మొహంలో రంగు మారేది. టీచరుగారు మాత్రం ఎంతో సంబరంగా చెప్పేవారు. పిల్లాడు దాంతోనే తింటున్నాడు, దాని పక్కనే నిద్రపోతున్నాడు. "నీ పుణ్యమేనమ్మా" అనేవారు. ఫోన్ పెట్టేసి అత్త కాసేపు అక్కడే నిలబడిపోయేది. నాకూ ఆమె మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. తప్పు చేసింది పెద్దవాళ్ళయినా, చూసినందుకు పిల్లలకు సిగ్గేస్తుంది.

ఒక శనివారం పొద్దున్న మళ్ళీ ఫోన్. ఈసారి ఆవిడ గొంతు వణుకుతోంది. కుక్క పిల్లాడి చెయ్యి కరిచింది, ఏం చెయ్యాలమ్మా అని అడిగారు. ఆ కంగారులోనూ ఆవిడకు మొదట గుర్తొచ్చింది మా అత్తే. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద బాగా కడగమనీ, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఇంజెక్షను వేయించమనీ చెప్పి, అత్త రిసీవరు పెట్టేసింది. చెప్పులేసుకుంది. నేనూ వెంట నడిచాను, వద్దనలేదు. చెరుకుపల్లిలో బస్సు మారి బాపట్ల చేరాం.

మేం వెళ్ళేసరికి వాళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చేశారు. పిల్లాడు వరండాలో కూర్చుని ఉన్నాడు, మోచేతి కింద కట్టు. గాయం పెద్దది కాదు. కుక్కను పెరట్లో కట్టేశారు. అప్పటికే అది కాళ్ళు పొడుగై, మూతి కోసుగా సాగి, చూసినవాళ్ళెవరికైనా విషయం తెలిసేలా పెరిగింది. అత్త కుర్చీలో కూర్చోలేదు. స్తంభం దగ్గర నిలబడే చెప్పింది.

"టీచరుగారూ, అది లాబ్రడార్ కాదండి. సగమే. ఆ రోజే నాకు తెలుసండి. తెలిసే చెప్పాను."

ఎందుకు చెప్పిందో చెప్పలేదు. తుఫాను సంగతి గానీ, పడవ సంగతి గానీ ఎత్తలేదు. నాకైతే ఎత్తితే బాగుండునని ఎంతగానో అనిపించింది.

టీచరుగారు నెమ్మదిగా, బడిలో తప్పు దిద్దే గొంతుతో మాట్లాడారు.

"అది అన్నం తింటుంటే వీడు తోక పట్టి లాగాడమ్మా. ఏ కుక్కయినా కరుస్తుంది. దాని తప్పేం లేదు. కానీ నేను వీణ్ణి దాని దగ్గర వదిలేసి లోపలికి వెళ్ళాను చూడు, లాబ్రడారే కదా, ఏం చెయ్యదులే అని వెళ్ళాను. నువ్వు చెప్పావని వెళ్ళాను."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాన్ని తనతో తీసుకెళ్ళిపోతానంది. టీచరుగారు తల అడ్డంగా ఊపారు. "దాన్నెందుకు? అది నన్ను మోసం చెయ్యలేదుగా," అన్నారు.

ఇంతకంటే గట్టి మాట ఆవిడ నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

మరునాడే అత్త పడవాయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నా కోసం ఆడిన అబద్ధం చెల్లెమ్మా, ఆ పాపం నాది," అన్నాడు. "నోరు నాదే కదన్నా," అంది అత్త. ఆ తర్వాత కూడా ఆ కుటుంబానికి ఆమె చెయ్యగలిగిన సాయం చేస్తూనే ఉంది. పనులు చూపించింది, పిల్లల చదువులకు తిరిగింది. మొదటే అలా చేసి ఉండాల్సిందని నాకొక్కదానికే చెప్పింది.

ఆదివారాలు బాపట్ల వెళ్ళడం మాత్రం మానలేదు. తినేటప్పుడు కుక్కను ముట్టుకోకూడదని పిల్లాడికీ, పిల్లాడి చెయ్యి గిన్నె దగ్గరికొచ్చినా ఓర్చుకోవాలని కుక్కకూ నెమ్మదిగా అలవాటు చేసింది. వారాల తరబడి పెరట్లో కూర్చునేది. టీచరుగారు తలుపు తీసేవారు, కాఫీ ఇచ్చేవారు, ఒకటి రెండు మాటలు మాట్లాడి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ కుక్క మంచిదే అయింది. మళ్ళీ ఎవరినీ కరవలేదు. పిల్లాడు దాని మెడ పట్టుకుని వీధి చివరి దాకా నడిచేవాడు. కొంచెం కొంచెంగా మాటలూ వచ్చాయి.

కొన్నేళ్ళకు ఒకసారి మేం అక్కడ ఉండగానే పక్కింటావిడ వచ్చింది. కుక్కపిల్లను కొంటున్నామనీ, జాతిదో కాదో చూసి చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అనీ అడిగింది. టీచరుగారు ఒక్క క్షణం ఆగి, "గుంటూరు నుంచి డాక్టరుగారిని ఎవరినైనా పిలిపించుకోండమ్మా," అన్నారు. మా అత్త అక్కడే, ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉంది. కుక్క చెవి వెనక నిమురుతూ తల ఎత్తలేదు. బస్టాండుకు నడుస్తూ నా మొహం చూసి, "తప్పేం లేదులే అమ్మలూ. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే," అంది.

అత్త పోయి చాలా కాలమైంది. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ మధ్య నా స్నేహితురాలు మంచంలో ఉన్న తన తండ్రిని చూసుకోవడానికి మనిషి కావాలంది. మా చిన్నమ్మ కొడుకు అప్పటికే అడిగి ఉన్నాడట. వాడికి ఆ పని ఎంత అవసరమో నాకు తెలుసు. "మీవాడే కదా, నువ్వు సరేనంటే పెట్టుకుంటాను," అంది. మనసున్నవాడేననీ, కానీ తాగుడు అలవాటు ఇంకా పూర్తిగా పోలేదనీ, పెద్దాయన్ను వాడి మీద ఒంటరిగా వదలొద్దనీ చెప్పాను. వాడికి ఆ పని రాలేదు. చిన్నమ్మ నాతో మాట్లాడడం మానేసింది. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు, నాకు కాలేదు. వాళ్ళింటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ తల దించుకునే వెళతాను. కానీ ఆ స్నేహితురాలు రేపు మళ్ళీ వచ్చి అడిగినా, అదే చెబుతాను.