తట్ట మీద వేసిన నింద

బిందె ఎత్తుతుంటే మణికట్టు దగ్గర టక్కుమంది. జారలేదు, పడలేదు. రోజూ ఎత్తే బిందే. అది రెండువేల మూడు, నాకు ఇరవై రెండేళ్లు. గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పదకొండో ఏటే టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది కాబట్టి సూదులూ ఆసుపత్రులూ కొత్త కాదు. షుగర్‌కీ ఎముకకీ సంబంధం ఉంటుందని మాత్రం తెలియదు.

కట్టు వేసిన డాక్టరు, "ఇంత చిన్న పనికి విరక్కూడదమ్మా" అని డెక్సా స్కాన్ చేయించారు. బోన్ డెన్సిటీ బాగా తక్కువ అని వచ్చింది. ఆ రిపోర్టు మా షుగర్ డాక్టరుగారికి చూపించాం.

"టైప్ వన్‌లో ఎముక కొంచెం పల్చబడుతుంది. నీ వయసుకి ఇది మరీ తక్కువ. మీ ఇంట్లో ఎముకలు విరిగినవాళ్లు, నడుం వంగినవాళ్లు ఉన్నారా?"

"లేరండీ" అన్నాం అమ్మా నేనూ ఒకేసారి. అబద్ధం చెప్పాలని కాదు.

మనవరాలి చెయ్యి విరిగిందని బందరు దగ్గర్నుంచి అమ్మమ్మ వచ్చింది. తర్వాతిసారి మాతో ఆసుపత్రికీ వచ్చింది. నడుం సగానికి వంగిపోయిన మనిషి, తనకి డాక్టరుగారి చెప్పులే తప్ప మొహం కనపడదు.

"మరి వంగినవాళ్లు లేరన్నారు?" అన్నారాయన.

అమ్మ తడుముకోలేదు. "అది జబ్బు కాదండీ, తట్ట మోసిన నడుం. చేపలమ్ముకునే ఆడోళ్లందరికీ అంతే."

"అందరికీనా? తట్ట మోసి కూడా నిటారుగా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరా?"

అమ్మమ్మే అందుకుంది. "ఎందుకు లేరు బాబూ? మా పక్కింటి వెంకాయమ్మ నాకంటే పెద్దది, ఇప్పటికీ తట్టెత్తుకుని తాటిచెట్టులా నడుత్తది. మా చెల్లెలు తట్టే ముట్టలా, వలలు అల్లుకునేది. అదీ నాలాగే వంగింది."

"చూశారా? బరువు కొంత చేస్తుంది. కానీ ఎముక గట్టితనం చాలావరకు జీన్స్‌తో వస్తుంది. ఈ అమ్మాయికి ఇంటి నుంచి వచ్చింది ఒకటి, షుగర్ చేసింది ఇంకొకటి. ఏయే జీన్స్ అన్నది ఇంకా తేలుస్తున్నారు." అమ్మ వైపు తిరిగారు. "మధ్యలో మీరున్నారుగా. మీకూ స్కాన్ చేద్దాం."

అప్పటిదాకా నా భయం నా గురించే. అమ్మకి నలభై ఎనిమిది. రోజూ వన్ టౌన్ సందుల్లో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేది.

"నాకేం, దుక్కలా ఉన్నాను" అంది అమ్మ. నువ్వు స్కాన్ చేయించుకునేదాకా నేను ఇన్సులిన్ వేసుకోనన్నాను. అరగంటలో దిగొచ్చింది. ఆ పంతం మీరెవరూ పట్టకండి, ప్రాణం మీదికొస్తుంది. అమ్మ రిపోర్టు నాదానికంటే అధ్వాన్నంగా ఉంది.

నాకు కాల్షియం, విటమిన్ డి, పొద్దున్నే నడక, షుగర్ అదుపు. అమ్మకి వారానికొక టాబ్లెట్. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. మా తల్లి టీతో వేసుకుని నడుం వాల్చింది. కడుపులో మంటలు లేచి, చెప్పకుండా రెండు నెలలు మానేసింది. "తప్పు మందుది కాదమ్మా, మీ టీది" అని డాక్టరుగారు కోప్పడ్డారు. అప్పట్నుంచి ఆదివారం పొద్దున నేనే కాపలా. ఈలోగా లో షుగర్‌తో మెట్ల మీద పడి నా కాలివేలు విరిగింది. అప్పుడు కాపలా అమ్మది.

తట్ట దించడానికి అమ్మ చాలా గొణిగింది. ఇప్పుడు వీధి మలుపులో బల్ల వేసుకుని అమ్ముతోంది. నా చెయ్యి విరిగి ఆరేళ్లయింది. నా స్కాన్ కాస్త మెరుగైంది, చెయ్యి బాగానే పనిచేస్తోంది. మా డాక్టరుగారికి ఎంత చెప్పుకున్నా తక్కువే.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు అడిగినప్పుడు జబ్బుల పేర్లే చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ఎవరు వంగారో, ఎవరికి చిన్న దెబ్బకే విరిగిందో చెప్పండి. వీలైతే పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి.

అమ్మకిప్పుడు యాభై నాలుగు. ఆ వయసుకి అమ్మమ్మ నేల చూపులు చూసేది. అమ్మ నా కళ్లలోకి చూసి తిడుతోంది. నా చెయ్యి విరిగినందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.