తొమ్మిదెకరాల ధనిక రైతు

మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు దగ్గర్లో, ఒక టైర్ల కొట్టు పైన మా సంఘానికి గది ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం, వేలంపాటలు ముగిసి హమాలీలు చేతులు కడుక్కుని వచ్చాక, అక్కడ మార్క్సిజం క్లాసు జరిగేది. చెప్పేది పుంగనూరు నుంచి బస్సులో వచ్చే ఒక రిటైర్డు హైస్కూలు మాస్టారు. మాకందరికీ ఆయన సారు. ఇరవై ఏళ్ళ కిందట, డిగ్రీ చదువుతూ నేనా గది మెట్లెక్కాను. నోరు పెద్దది, కోపం ముక్కు మీద, తెలిసింది తక్కువ. అయినా నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. అందుకు ఆ గదికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

సారు దగ్గర రెండు కట్టుబాట్లుండేవి. పుస్తకంలోని మాట ఏది ఎత్తినా, ఆ వారం మన కళ్ళతో చూసిన సంగతి ఒకటి దానికి జోడించాలి. నేను గొంతు సవరించుకుని "అదనపు విలువ" అని మొదలుపెడితే, "ఈ వారం దాన్ని యాడ సూసినావమ్మా?" అనేవారు. నేను నీళ్ళు నమిలేదాన్ని. పక్కన కూర్చున్న హమాలీ మాత్రం, పొద్దున్నుంచీ క్రేట్లు మోసి వచ్చినవాడు, తన మోతకు తనకొచ్చేదెంతో, వ్యాపారికి మిగిలేదెంతో టకటకా చెప్పేసేవాడు. ఇక రెండోది, తప్పు చేసినవాళ్ళు మీటింగులో లేచి ఆత్మవిమర్శ చేసుకుంటే సరిపోదు. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ ముందుకే వెళ్ళి, వాళ్ళకర్థమయ్యే మాటల్లో ఒప్పుకోవాలి. "ఈడైతే మనకు మనమే క్షమించేసుకుంటాం, అది సులువు" అనేవారాయన. ఈ రెండో కట్టుబాటు ఇతరుల కోసం పెట్టిందని అప్పట్లో నా నమ్మకం.

ఆ ఏడు ఎండాకాలంలో శాంతిపురం వైపు ఒక గ్రానైట్ క్వారీలో సమ్మె మొదలైంది. కూలీలు అడిగినవి గొంతెమ్మ కోరికలేం కావు. తాగడానికి నీళ్ళు, కళ్ళకు అద్దాలు, దెబ్బ తగిలితే వైద్యం. ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ వర్గమో తేల్చి, కూలీలకు సభ్యత్వం రాసే పని నాకప్పగించారు. నాకు రెక్కలొచ్చాయి. వలస పాలకులను తరిమికొట్టిన ఒక దేశంలో, పోరాటకాలంలో రైతులను వర్గాలుగా ఎలా విడదీశారో అప్పుడే చదివి ఉన్నాను. ఇన్ని ఎకరాలుంటే పేద, ఇన్నుంటే మధ్యతరగతి, అంతకు మించితే ధనిక. పట్టీ అంతా కంఠతా వచ్చు. అది నిండుగా నదులు పారి వరి పండే దేశం. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఊరి చివరింట్లో ఒకామె వసారాలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. భూమి ఎంత ఉందని అడిగాను.

"తొమ్మిదెకరాలుండాదమ్మా."

నా పెన్ను ఒక్క క్షణం కూడా ఆగలేదు. ధనిక రైతు అని రాసేశాను.

"నేను గూడా క్వారీకి పోతాండాను గదా. నా పేరు రాసుకో," అంది.

"మీరు భూమి గలవాళ్ళు పెద్దమ్మా. ఇది కూలీల సంఘం. పెద్ద రైతులు చేరితే దారి తప్పుతుంది," అన్నాను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఎండన పడి వచ్చినావు మజ్జిగ తాగి పొమ్మంది. తాగాను. పైగా, వర్గ శత్రువు ఇంట్లో మజ్జిగ తాగానే అని దారి పొడుగునా మథనపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, నా చెంప నేనే పగలగొట్టుకోవాలనీ అనిపిస్తుంది.

సమ్మె గెలిచింది. సంఘం జాబితాలో ఉన్నవాళ్ళందరికీ అద్దాలిస్తామని, దెబ్బ తగిలితే బెంగళూరు ఆసుపత్రికి పంపుతామని క్వారీ యజమాని సంతకం పెట్టాడు. ఆ జాబితా నా దస్తూరీలోనే ఉంది. టైర్ల కొట్టు పైన గదిలో నాకు చప్పట్లు కొట్టారు.

రెండు నెలలు తిరక్కుండానే, ఒక ఆదివారం క్లాసు మధ్యలో శాంతిపురం కార్యకర్త ఒకడు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. ఆ ఉలవల పెద్దమ్మ కంట్లో రాతి పెచ్చు ఎగిరి పడింది. జాబితాలో లేదు కాబట్టి ఆమెకు అద్దాలివ్వలేదు. ఆసుపత్రి సంగతి అడిగితే మేనేజరు కాగితం తీసి చూపించాడట. "ఈమె పేరు ఇందులో లేదే. మీ సంఘం రాసిచ్చిందే గదప్పా," అన్నాడట. వారం నుంచీ ఆమె కంటికి గుడ్డ కట్టుకుని ఇంట్లోనే ఉంది.

అందరూ నా వైపు చూశారు. నేను లేచి నిలబడి, "నాలోని పెటీ బూర్జువా పాండిత్య ధోరణి వల్ల..." అని మొదలుపెట్టాను. సారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ మాటేదో ఆమెకు చెప్పు. ఇంకా బస్సు ఉండాది."

ఇద్దరం బస్సెక్కాం. ఆయన పుంగనూరులో దిగి ఇంటికి వెళ్తారనే అనుకున్నాను. దిగారు కూడా. బస్టాండులో నాలుగు అరటిపళ్ళు కొని, మళ్ళీ ఎక్కి నా పక్కనే కూర్చున్నారు. "నీకు నేర్పింది నేనే గదమ్మా," అన్నారు. నా జీవితంలో నాకు దక్కిన మంచితనాల్లో ఆ అరటిపళ్ళది మొదటి వరస.

పొద్దు గూకే వేళకు ఊరు చేరాం. పెద్దమ్మ అదే వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. బస్సులో మనసులో అల్లుకున్న మాటలన్నీ వదిలేశాను.

"పెద్దమ్మా, తప్పు నాది. ఎకరాలెన్నని అడిగి, ఇంకేమీ అడగలేదు. నీ పేరు చేరకుండా చేసింది నేనే."

ఆమె గుడ్డ కట్టని కంటితో నన్ను చూసింది. "మీకెంత నేలుండాది పాపా?"

"నాలుగెకరాలు."

"నీళ్ళు?"

"రెండు బోర్లున్నాయి. టమోటా పెడతాం. ఒక ఎకరా మల్బరీ."

"మీ ఇంటికేమని రాసినావు?"

మా ఇంటిని అసలు రాయనేలేదు. మనసులో మాత్రం మధ్యతరగతి అనుకున్నాను. అదే చెప్పాను.

అప్పుడు ఆమె గొంతు లేచింది. "మాది గుట్ట మింద నేల. మూడుసార్లు బోరు వేయిస్తిమి, దుమ్మే వచ్చె. ఉలవలు తప్ప ఆడ ఇంకేం రావు. నేను ధనికురాలినైతే ఈ వయసులో రాళ్ళు కొట్టేదానికి యాల పోతాను? ఊర్లో అందరూ కూలోళ్ళు, నేనొక్కదాన్నే దొరసానినా?"

నాకు ఏడుపు ఆగలేదు. సారు తలొంచుకుని నిలబడ్డారు. చివరికి ఆమే, "ఏడిసేదానికి శానా పొద్దుండాది. రేపు కుప్పంలో బెంగళూరు రైలెన్ని గంటలకో కనుక్కో పో," అంది.

మర్నాడు కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్ళాం. డాక్టరు చూసి, వారం ముందు తెచ్చుంటే కన్ను దక్కేదన్నాడు. ఆ వారం నాది. క్వారీ యజమాని పాపం అతనికుంది, కానీ ఆ వారం మాత్రం నాది.

తిరుగు రైల్లో, సంఘం మానేస్తాను పెద్దమ్మా అన్నాను.

"మానేస్తే నా కన్నొస్తాదా?" అంది కిటికీలోంచి బయటికి చూస్తూనే. "లిస్టు మళ్ళా రాయి. ఈతూరి నన్ను గూడా పిలుచుకోని పో. మొదట మీ ఇల్లు రాయి."

రాశాను. పుస్తకం మొదటి పేజీలో మా ఇల్లు. నేల, నీళ్ళు, ఎవరి చేతులు పనిచేస్తాయి, ఎవరి చేతులు చేయించుకుంటాయి. రాస్తుంటే మా పొలంలో టమోటాలు కోసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళను అంతవరకూ నేను ఏ క్లాసులోనూ ఉదాహరణగా చెప్పలేదు. అదనపు విలువను యాడ సూసినావన్న సారు ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉంది. ఆ తరవాత పది రోజులు ఆమె కంటికి కట్టుతోనే నాతో గడప గడపకూ తిరిగింది. ఎకరాలకన్నా ముందు నీళ్ళు అడగడం, చెప్పే మనిషి అరచేతులు చూడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మార్క్సిజం నాకు అర్థమైంది ఆ పది రోజుల్లోనే అంటే సారు కూడా కాదనలేదు.

సారు పోయి చాలా ఏళ్ళయింది. నేను మదనపల్లెలోనే అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్నాను. మా సంఘంలో మాత్రం ఎవరు ఏ సర్వేకు పోయినా మొదట సొంత ఇల్లు రాసుకోవాలన్న ఆచారం నిలిచిపోయింది.

పోయిన నెల శాంతిపురం వెళ్ళాను. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పనులకు పోయొచ్చే పిల్లలు ఆదివారం క్లాసు పెట్టుకున్నారు. సర్వే ఇప్పుడు సెల్‌ఫోన్లలోనే. ఒకమ్మాయి ఫోను పట్టుకుని హుషారుగా లేచింది. ముందు వరసలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆమెకు డెబ్బై దాటాయి. "మీ ఇల్లు ఎక్కించినావా మొదట?" అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నాలుక్కరుచుకుని కూర్చుంది.

నేను ఆలస్యంగా వెళ్ళి, ఎవరినీ కదిలించకుండా ఆమె పక్కన ఖాళీగా కనిపించిన చోట కూర్చున్నాను. చెప్పుల చప్పుడుకో ఏమో, పోల్చుకుని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇట్లా ఈపక్కకొచ్చి కూసో పాపా," అంది. "ఆపక్కుంటే నువ్వు నాకు కనపడవు."

లేచి, ఆమెకు చూపున్న పక్కకు వచ్చి కూర్చున్నాను.