బయట బెంచీ

దర్జీకి ఆ చర్చి సంఘంలో పదకొండేళ్ల సేవ. జీతం లేని కొలువే అయినా పెద్దల వరసలో కుర్చీ. సభ్యుల నడవడికి నియమాలు రాసిందీ ఆయనే. ‘బంధువుల విషయం చర్చకొస్తే సభ్యుడు లేచి వెళ్లి బయట బెంచీ మీద కూర్చోవాలి’ అన్నది అందులో మూడోది. తన చేత్తోనే అట్ట మీద రాసి గోడకు తగిలించాడు.

ఈ ఏడు ఆయన తోడల్లుడు కూడా సంఘంలోకి వచ్చాడు. కరెంటు పని చేస్తాడు. నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి అందరూ నెత్తిన పెట్టుకున్నారు. మైకు మొరాయిస్తే అతనే, మంచాన పడ్డవాళ్లను పలకరించాలన్నా అతనే. దర్జీ భార్య సైతం అన్నంతోపాటు చెల్లెలి మొగుడి మంచితనమే వడ్డించేది. దర్జీకి ముద్ద దిగేది కాదు. అసూయే, ఇంకో పేరెందుకు?

ఆదివారం ఆరాధన అయ్యాక సమావేశం. కార్యదర్శి పదవికి తోడల్లుడి పేరు వచ్చింది. అతను లేచి బయటికి వెళ్లాడు. అధ్యక్షురాలైన రిటైర్డ్ టీచరమ్మ దర్జీ వైపు చూసింది.

“అతను నాకేమవుతాడండీ? మా ఆవిడ చెల్లెలి మొగుడు. రక్తసంబంధమా ఏమన్నానా?” అన్నాడు దర్జీ, కుర్చీకి అతుక్కుపోయి.

టీచరమ్మ అట్టకేసి చూసి ఊరుకుంది. రాసినవాడికే అర్థం చెప్పడమెందుకు అనుకుంది కాబోలు. దర్జీ మాత్రం ఊరుకోలేదు. అనుభవం లేదనీ, అంతా ఆరంభశూరత్వమనీ అరగంట ఏకరువు పెట్టాడు. ఒక్క ఓటు తేడాతో పదవి చేజారింది. తోడల్లుణ్ణి లోపలికి పిలిచి చెప్తే, సరేనండీ అని కూర్చున్నాడు. దర్జీ కడుపు చల్లబడింది.

తర్వాతి విషయం, పాటలు పాడేవాళ్లకు అంగీలు ఎవరు కుట్టాలన్నది. దర్జీ ఆశ పెట్టుకున్న పని అది. తన విషయమే గనక వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. వెనకే తోడల్లుడూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నువ్వెందుకొచ్చావు? లోపలుంటే నాకో ఓటు పడేదిగా.”

“మీరు నాకు అన్నయ్య వరస. అట్ట మీద మీరే రాశారుగా.”

ఎత్తిపొడుపేమోనని దర్జీ అతని మొహంలో వెతికాడు. అలాంటిదేమీ లేదు. ఓడిపోయి కూడా ఇతనిదే పైచేయి అని ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే లేచి తలుపు తోశాడు.

“టీచరమ్మగారూ, ఇందాక నేనూ బయట ఉండాల్సినవాణ్ణి. ఆ ఓటు వేసింది నా కడుపుమంట. కొట్టేయండి.”