గంగాధర్ కాటుక భరిణెలు

గంగాధర్ బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టాడు. పడవ వదిలి ఓడెక్కి, ఇరవై రెండేళ్ళు ఇంజన్ రూమ్ వేడిలో ఉడికాడు. ఓడ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఆగినప్పుడల్లా తోటివాళ్ళు సెంట్లు, వాచీలు కొనేవారు. ఇతను పాతసామాన్ల దుకాణానికి పోయేవాడు. అప్పట్లో అక్కడ లైసెన్సున్న దుకాణాల్లో పాత సమాధుల్లో దొరికిన రాతి గిన్నెలు, కాటుక భరిణెలు బాహాటంగానే అమ్మేవారు. ముసలి దుకాణదారు ఇతని వేలు భరిణె లోపల తిప్పించి, చేత్తో తొలిచిన గీత ఎలా ఉంటుందో నేర్పాడు. అలా తొమ్మిది పోగయ్యాయి.

ఓడ పని మానేశాక పటమటలో ఇల్లు కట్టుకుని, ముందుగదిలో అద్దాల బీరువా చేయించి వాటిని పెట్టుకున్నాడు. 1996లో వెంకటసుబ్బారావు అనే రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చూడ్డానికొచ్చాడు.

"టూరిస్టులకి అంటగట్టే సరుకోయ్ ఇది. అయినా ఓ నాలుగివ్వు, తెలిసినవాళ్ళకి చూపిస్తాను" అన్నాడు.

చదువుకున్నాయన మాట కాదనలేక గంగాధర్ ఇచ్చాడు. వాటి కోసం ఆయనింటి చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాడు. ప్రతిసారీ "వచ్చే వారం" అనే జవాబు, అదీ గేటు బయటే.

ఆ తర్వాత ఒక చరిత్ర సంఘం ఊళ్ళో ప్రదర్శన పెట్టింది. భార్య నాగలక్ష్మితో కలిసి వెళ్ళిన గంగాధర్‌కి అద్దం వెనక తన నాలుగు భరిణెలూ కనిపించాయి. కింద అట్టముక్క మీద 'నాలుగు వేల ఏళ్ళనాటివి. వెంకటసుబ్బారావు గారి సేకరణ' అని ఉంది.

గంగాధర్ అక్కడే ఉన్న లెక్చరర్ దగ్గరికి వెళ్ళాడు. "మాస్టారూ, ఇవి టూరిస్టు సరుకన్నారు కదండీ?"

లెక్చరర్ గొంతు తగ్గించాడు. "గొడవ చెయ్యకు. చేపలోళ్ళింట్లో ఈజిప్టు భరిణెలంటే ఎవరు నమ్ముతారు? నా పేరుంటేనే వాటికి విలువ."

"నమ్మరా? అయితే నువ్వు చెప్పు!" గంగాధర్ నోట్లోంచి 'అండీ' ఊడిపోయింది. "లోపల గీతలు ఎగుడుదిగుడుగా ఎందుకున్నాయో ఇంతమంది ముందు చెప్పు!"

ఆయన గంగాధర్ భుజం పట్టి పక్కకి లాగబోయాడు. జనం మూగారు. గంగాధరే చెప్పాడు. రాగి గొట్టం, కింద ఇసక, రోజుల తరబడి చేత్తో తిప్పడం. అరుస్తూనే చెప్పాడు. సంఘం కార్యదర్శి పద్మావతమ్మ కాసేపు విని, లెక్చరర్ వంక ఒకసారి చూసి, తాళం తీసి భరిణెలు ఇచ్చేసింది.

ఇంటికొచ్చి విప్పితే ఒకదాని అంచు పెచ్చు ఊడి ఉంది.

"ఇన్ని వేల ఏళ్ళు మట్టిలో ఉండి కూడా చెక్కు చెదరలేదు. ఆ పెద్దమనిషింట్లో ఎనిమిది నెలలుంటే ఇదీ గతి!" అని గోడని గుద్దాడు. నాగలక్ష్మి వాచిన ఆ చేతికి పసుపు పట్టు వేసింది.

మర్నాడు పేపర్లో భరిణెల ఫొటో లెక్చరర్ పేరుతోనే పడింది. గంగాధర్ మూడు ఉత్తరాలు రాశాడు. సవరణ రాలేదు.

2004లో ఆ సంఘమే మళ్ళీ ప్రదర్శన పెడుతూ భరిణెలు అడిగింది. "నా పేరు, మా నాన్న పేరు, నేను చేసిన పని అచ్చువేస్తేనే ఇస్తా" అన్నాడు. వేశారు. రెండు రోజులూ భరిణెలున్న అద్దాల పెట్టె పక్కనే నిలబడ్డాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పోనీలెండి, ఆ లెక్చరర్ పోయి కూడా రెండేళ్ళయింది. ఇక మర్చిపోండి" అందెవరో.

"ఆయన పోయాడమ్మా. 'చేపలోళ్ళింట్లో' అన్న ఆ మాట పోలేదు" అన్నాడు గంగాధర్.